పాములు, కప్పల మీద పరిశోధన అంటే అసలు ఏం చేస్తారు?

జూన్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి కాల్వలకు నీళ్లు వదిలాక మా వైపు రెండు మొదలవుతాయి. రాత్రిళ్లు కప్పల అరుపులు, వాట్సాప్‌లో పాముల ఫొటోలు. తెనాలి నుంచో, ఉయ్యూరు నుంచో, మంగళగిరి పక్క పల్లె నుంచో ఎవరో ఒకరు ఫొటో పెట్టి "సార్, ఇది విషప్పామేనా?" అని అడుగుతారు. నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఫొటో స్పష్టంగా ఉంటే జవాబివ్వడానికి అర నిమిషం పట్టదు. కానీ ఆ జవాబు అంత తేలిగ్గా నాకు అందడానికి చాలామంది తమ జీవితాలు వెచ్చించారు. వాళ్లు చేసిన పనేంటో, ఇప్పుడున్నవాళ్లు ఏం చేస్తున్నారో మనలో ఎక్కువమందికి తెలియదు. టీవీలో పామును తోకపట్టి ఎత్తి చూపించే మనిషే పాముల శాస్త్రవేత్త అనుకుంటాం.

ఈ శాస్త్రం పేరు హెర్పెటాలజీ. కప్పల్లాంటి ఉభయచరాలనూ, పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్ల లాంటి సరీసృపాలనూ ఇందులో కలిపి చదువుతారు. నిజానికి ఈ రెండు వర్గాలూ దగ్గరి చుట్టాలేమీ కావు. ఆ మాటకొస్తే మొసలికి బల్లి కంటే పక్షే దగ్గరి బంధువు. పాతకాలపు శాస్త్రవేత్తలు నేలమీద పాకేవాటన్నింటినీ ఒకే గాటన కట్టేశారు, ఆ అలవాటు నిలిచిపోయింది. వెతికే పద్ధతి రెండింటికీ ఒకటే కావడం కూడా అందుకు ఒక కారణం. చీకటి పడ్డాక, వాన వెలిశాక, తలకు టార్చి కట్టుకుని నీళ్ల పక్కన నెమ్మదిగా నడవాలి. ఇప్పటిదాకా పేర్లు పెట్టిన ఉభయచర జాతులు 8,000కు పైన ఉన్నాయి, సరీసృపాలు 12,000 దాటాయి.

ఇందులో పనిచేసే మనిషి పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు ఏం చేసినా తిరిగి తిరిగి ఒక ప్రశ్న దగ్గరికే వస్తాడు. ఇది ఏది? పక్కదానికీ దీనికీ తేడా ఏంటి? వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది. పాముకాటు మందు తయారీ, అటవీ చట్టం, ఏ జంతువు అంతరిస్తోందన్న లెక్క, అన్నీ ఆ జవాబు మీదే నడుస్తాయి. ఆ జవాబు మాత్రం ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. జనానికి చిక్కుముడిగా కనిపించేది ఇక్కడే.

మొదటి పెద్ద ప్రయత్నం మన తీరంలోనే జరిగింది. ప్యాట్రిక్ రసెల్ స్కాట్లండ్‌కు చెందిన డాక్టరు. 1780ల్లో విశాఖపట్నంలో ఉంటూ ఈస్టిండియా కంపెనీ తరఫున ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. విషం ఉన్న పామునూ లేనిదాన్నీ మామూలు మనిషి ఎలా గుర్తుపట్టాలి అన్నది ఆయన పట్టుకున్న సమస్య. స్థానికులు తెచ్చిన పాముల కోరలు చూశాడు, పొట్ట కింద పొలుసులు లెక్కపెట్టాడు, కోళ్లను, కుక్కలను కరిపించి ఏమవుతుందో రాసుకున్నాడు. కోరమండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో బొమ్మల పక్కన తెలుగు పేర్లే ఉంటాయి. రక్తపింజర అక్కడ 'కాటుక రేకుల పొడ'. మరుసటి ఏడాది జార్జ్ షా అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త దానికి లాటిన్ పేరు పెడుతూ రసెల్ పేరు కలిపాడు, అందుకే అది ఇవాళ్టికీ దబోయా రసెలై. పసుపు, నలుపు పట్టీల కట్లపామును మనవాళ్లు బంగారు పాము అని చెబితే, ఆ మాటే కట్లపాములన్నింటి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు బుంగారస్ అయింది. ఆ పాములు పట్టి తెచ్చి, పేర్లు చెప్పింది ఈ తీరంలోని మామూలు జనం. ఈ శాస్త్రంలో వాళ్ల వాటా ఎంతో చెప్పేటప్పుడు మనం ఎందుకో మొహమాటపడతాం. నేను క్లాసులో ఆ మాట గట్టిగానే చెబుతాను.

రసెల్ పట్టుకున్న ప్రశ్న ఎంత కష్టమైందో తెలియాలంటే కట్లపామునూ, వుల్ఫ్ స్నేక్ అనే చిన్న పామునూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ రాత్రి తిరుగుతాయి. రెండూ ఇళ్లలోకి వస్తాయి. రెండింటికీ ముదురు రంగు ఒంటి మీద తెల్లటి అడ్డపట్టీలు. ఒకటి కరిస్తే నొప్పి కూడా తెలియకుండా తెల్లవారేసరికి ఊపిరి ఆగిపోవచ్చు. రెండోది గోడలెక్కి బల్లుల్ని తినే పాము, విషం లేదు. కట్లపాము పట్టీలు సన్నగా, చాలాచోట్ల జంటలుగా ఉంటాయి. మెడ దగ్గర మసకగా ఉండి, తోక వైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్‌కు సరిగ్గా తిరగేసి ఉంటుంది. తల వెనక నుంచే వెడల్పు పట్టీలు మొదలై తోక వైపు మాసిపోతాయి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ కట్లపాము పిల్లలకు మెడ దగ్గర కూడా పట్టీలుంటాయి. అప్పుడు వెన్నెముక మీది పొలుసుల వరుస చూడాలి. కట్లపాముకు ఆ వరుసలో పొలుసులు పక్కవాటి కంటే పెద్దవి, ఆరు మూలలతో ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌కు అలా ఉండవు. ఫినాయిల్ చల్లి, కర్రతో చితక్కొట్టి, సెల్‌ఫోన్ లైటులో తీసిన ఫొటోలో ఆ వరుస కనపడాలంటే ఎలా? ఎవరైనా నాకు ఫొటో పంపేటప్పుడు చేసే మొదటి విన్నపం అదే. కొట్టకండి, దూరం నుంచి వీపు కనపడేలా తీయండి.

రక్తపింజర విషయంలో జరిగే పొరపాటు ఇంకా ప్రమాదకరం. లావుగా, మచ్చలతో, కదలకుండా పడుకుని ఉంటుంది కాబట్టి కొండచిలువ పిల్ల అనుకుని దగ్గరికి వెళ్తారు. దాని వీపు మీద గోధుమరంగు గుండ్రటి మచ్చలు మూడు వరుసలుగా గొలుసులా ఉంటాయి, ప్రతి మచ్చకూ నల్లటి అంచు. కొండచిలువ మచ్చలకు ఆకారం, వరుస ఉండవు. విసిగిస్తే రక్తపింజర ప్రెషర్ కుక్కర్ విజిల్ లాగా బుసకొడుతుంది. ఆ చప్పుడు విన్నాక దగ్గర ఉండకూడదు.

సరే, గుర్తుపట్టడానికి ఇంత తంటా ఉంటే, పేరు పెట్టడానికి ఎంత ఉండాలి? కొత్త జాతిని ప్రకటించే శాస్త్రవేత్త ఒక్క నమూనాను ఎంచుకుని, నంబరు వేసి, మ్యూజియంలో సీసాలో భద్రపరచాలి. దాన్ని హోలోటైప్ అంటారు. ఆ పేరు మీద వందేళ్ల తర్వాత వివాదం వచ్చినా అందరూ ఆ సీసా దగ్గరికే వెళ్లి చూసుకోవాలి. మన దేశంలో ఇలాంటి నమూనాలు ఎక్కువగా కోల్‌కతా కేంద్రంగా 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దగ్గర ఉన్నాయి. బ్రిటిష్ కాలంలో సేకరించినవి చాలా లండన్‌లో ఉన్నాయి.

ఆ సీసా పోతే ఏమవుతుందో చెప్పడానికి సి.ఆర్. నారాయణరావు ఉదంతం చాలు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జువాలజీ ప్రొఫెసర్. భారతదేశంలో కప్పల అధ్యయనానికి ఆద్యుడు అనదగ్గ మనిషి. 1932లో మొదలైన 'కరెంట్ సైన్స్' పత్రికకు తొలి సంపాదకుడు కూడా. 1937లో దక్షిణ భారతపు కప్పల్లో చాలా కొత్త రూపాలను వర్ణిస్తూ వ్యాసం రాశారు. తర్వాత ఆయన నమూనాలు కనపడకుండా పోయాయి. మిగిలింది కాగితం మీది వర్ణన మాత్రమే. ఆయన చూసిన కప్ప ఏది, ఇప్పుడు అడవిలో కనపడే కప్ప ఏది అని తేల్చడానికి తర్వాతి తరాల వాళ్లు దశాబ్దాలు కష్టపడాల్సి వచ్చింది. 2010లో పొదకప్పల ప్రజాతి ఒకదానికి ఆయన పేరు మీద రావోర్కెస్టిస్ అని పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లలో ఎస్.డి. బిజు ఒకరు. పశ్చిమ కనుమల్లో ఏళ్ల తరబడి రాత్రిళ్లు తిరిగి, కనపడకుండా పోయాయనుకున్న కప్పల్ని వెతికి పట్టుకున్న ఢిల్లీ ప్రొఫెసర్ ఆయన. నారాయణరావు గారి గురించి మన జువాలజీ విద్యార్థులకు ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక మన పొలాల్లోకి వద్దాం. దుగ్గిరాల, కొల్లిపర వైపు నాట్లు పడ్డాక గట్టు మీద నడిస్తే అడుగడుక్కీ ఒక చిన్న కప్ప నీళ్లలోకి గెంతుతుంది. బొటనవేలంత ఉంటుంది. మట్టిరంగు ఒళ్లు, వీపు మీద బుడిపెలు, కొన్నింటికి నడివీపున లేత గీత. మగదాని గొంతు కింద నల్లటి మరక ఉంటుంది, అరిచేటప్పుడు ఆ చర్మమే ఉబ్బుతుంది. ఇది ఏ కప్ప? నెల్లూరులో కొన్నేళ్లు డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1853లో దీనికి రానా అగ్రికోలా అని పేరు పెట్టాడు. కానీ ఆ తర్వాత వచ్చినవాళ్లు, 1829లో జావా దీవి నుంచి వర్ణించిన రానా లిమ్నోకారిస్ ఇదే అనేసుకున్నారు. పాకిస్తాన్ నుంచి జపాన్ దాకా వరిమళ్లలో ఉండే చిన్న కప్పలన్నీ వందేళ్లకు పైగా ఆ ఒక్క పేరు కింద నడిచాయి. మా తరం చదివిన పుస్తకాల్లో కూడా అంతే.

అది తప్పని తేలింది కప్పల గొంతు వల్ల, డీఎన్‌ఏ వల్ల. కంటికి ఒకేలా కనపడే రెండు కప్పలు వేరు వేరుగా అరుస్తాయి. ఆడ కప్ప తన జాతి అరుపు వినే వస్తుంది కాబట్టి ఆ తేడా జాతి తేడాకు గట్టి సాక్ష్యం. అందుకే పరిశోధకుడు రికార్డర్‌తో మడిగట్టు మీద కూర్చుంటాడు. అరుపుతో పాటు ఆ క్షణంలో గాలి, నీళ్ల ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, ఎందుకంటే వేడి పెరిగితే అరుపు వేగం మారుతుంది. అది రాసుకోని రికార్డింగు పోల్చడానికి పెద్దగా పనికిరాదు. తర్వాత ఆ అరిచిన కప్పనే పట్టుకుని కొలవాలి, చిన్న కణజాలం ముక్క ఆల్కహాల్‌లో వేసుకోవాలి, ల్యాబ్‌లో జన్యువుల వరుస చదవాలి. ఇదంతా కప్పలు అరిచే ఆ కొద్ది వారాల్లోనే. వాన ఆలస్యమైనా, పరిశోధకుడికి జ్వరం వచ్చినా ఏడాది పోయినట్టే. ఈ చదువులు ఎందుకంత కాలం సాగుతాయని అడిగేవాళ్లకు నేను చెప్పే మొదటి కారణం ఇది.

ఇలాంటి పని దేశదేశాల్లో జరిగాక, జావా కప్ప వేరు, మనవి వేరు అని స్థిరపడింది. 2017లో జెర్డన్ పెట్టిన అగ్రికోలా పేరును మళ్లీ బయటికి తెచ్చారు. 2018లో దక్షిణాసియా కప్పలను మినర్వార్యా ప్రజాతిలో చేర్చారు. ఇప్పుడది మినర్వార్యా అగ్రికోలా. "సార్, పేర్లు ఇలా మారుస్తూ పోతే మేం ఎలా చదవాలి?" అని పిల్లలు విసుక్కుంటారు. వాళ్ల విసుగు అర్థం చేసుకోదగ్గదే. అయితే పది జాతుల్ని ఒకే పేరు కింద పెడితే ఏమవుతుందో చూడండి. కాగితం మీద ఆ కప్ప ఖండమంతా ఉన్నట్టు, దానికి ఏ ప్రమాదమూ లేనట్టు కనిపిస్తుంది. పదిలో ఒకటి ఒక జిల్లాకే పరిమితమై, అక్కడ నశించిపోయినా ఎవరికీ తెలియదు. పేరు లేనిదాన్ని ఏ జాబితాలో వెతుకుతాం?

పెద్ద జంతువుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. రాచనాగును 1836లో కాంటర్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. భారత్ నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఉన్నది ఒకే జాతి అని అప్పటి నుంచి నమ్మాం. పి. గౌరీశంకర్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి జన్యువులనూ, మ్యూజియం నమూనాలనూ పోల్చి 2024లో దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. పశ్చిమ కనుమలది వేరే జాతి అయింది. ఉత్తర, తూర్పు భారతంలోని వాటికి పాత పేరే ఉండిపోయింది.

పేర్ల గొడవ మనుషుల ప్రాణాల మీదికి వచ్చే చోటు పాముకాటు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది అని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. సగటున ఏడాదికి 58,000. మృతుల్లో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. భారం ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది రక్తపింజర, దాని తర్వాత కట్లపాము, నాగుపాము. ఈ లెక్క నాకు కాగితం మీది అంకెలా అనిపించదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో సర్పయాగం చేసిన సంగతి కృష్ణా జిల్లాలో అందరికీ గుర్తుంది. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. తెల్లవారకముందే నారుమడిలోకి చెప్పుల్లేకుండా దిగే మనిషి భయం అది. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక కాన్పులో ఇరవై నుంచి నలభై దాకా. ఆ పిల్లలు బయట తిరగడం మొదలుపెట్టే కాలమూ, మనుషులు పొలంలో వంగి పనిచేసే కాలమూ ఒకటే.

ఇక్కడ జనం తరచూ అడిగేది ఒకటుంది. కరిచిన పామేదో తెలియకపోతే డాక్టరు మందు ఎలా ఇస్తాడు? పామును చంపి ఆస్పత్రికి తీసుకెళ్లాలా? అక్కర్లేదు. మన దేశంలో వాడే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషాలకూ కలిపి తయారైనది. డాక్టరు లక్షణాలు చూస్తాడు. రెప్పలు వాలుతున్నాయా, ఊపిరి తగ్గుతోందా చూస్తాడు. పింజర కాటు అనుమానం ఉంటే రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే, మందు మొదలుపెడతారు. కరెంటు కూడా అక్కర్లేని పరీక్ష ఇది, చిన్న ఆస్పత్రిలోనూ చేయొచ్చు. కాబట్టి పాము వెంటపడి సమయం పోగొట్టుకోకుండా, కాటు పడ్డ కాలు కదపకుండా, గట్టిగా తాడు కట్టకుండా, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లిపోవాలి.

మరి పేరుతో పనేంటి? ఆ పని మంచం దగ్గర కాదు, మందు తయారయ్యే చోట. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను వేరుచేసి ఈ మందు చేస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం తమిళనాడు ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో ఏర్పడిన సంఘం అది. చర్మాల కోసం పాములు పట్టి బతికిన ఇరులలకు, చర్మాల వ్యాపారం ఆగిపోయాక, అదే నైపుణ్యంతో గౌరవంగా బతికే దారి చూపించింది. పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రైతుల పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులకు కూడా పాముల జాడ గురించి అలాంటి తెలివే ఉంది. పరిశోధనలో వాళ్లను కూలీలుగా కాకుండా సహచరులుగా కలుపుకోవాలని నా కోరిక.

చిక్కు ఏంటంటే, ఒకే జాతి రక్తపింజర విషం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో శాస్త్రవేత్త కార్తీక్ సునగర్ బృందం చాలా ఏళ్లుగా ఈ పని మీదే ఉంది. ఒక ప్రాంతపు విషంతో చేసిన మందు మరో ప్రాంతపు కాటు మీద అంత బాగా పనిచేయకపోవచ్చని వాళ్లు చూపించారు. 34 చోట్ల నుంచి 115 రక్తపింజరల విషం పరీక్షించి, స్థానిక ఉష్ణోగ్రతకూ, వర్షపాతానికీ విషంలోని పదార్థాలకూ సంబంధం ఉందని 2025లో ప్రకటించారు. పొడి ప్రాంతాల పాముల విషంలో మాంసకృత్తులను కరిగించే ఎంజైముల జోరు ఎక్కువ. ఇక జాతినే పొరబడితే నష్టం ఎంతో కేరళలో తెలిసింది. అక్కడ ముక్కు ఎత్తుగా ఉండే చిన్న పిట్ వైపర్ (పింజరల కుటుంబపు మరో పాము) కాటును చిన్న పింజర కాటుగా పొరబడి మందు ఎక్కించారు. ఆ పాము విషానికి మన మందులో విరుగుడే లేదు. రోగికి మేలు జరగకపోగా మందు వల్ల వచ్చే అలర్జీ ముప్పు మాత్రం మిగులుతుంది. దివిసీమ పాముకు దివిసీమ విషం తెలియాలి అని నేను పట్టుబట్టేది అందుకే. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఈ ప్రాంతీయ పని జరగకుండా ఆ లక్ష్యం చేరడం కష్టం.

కప్పల దగ్గర ప్రమాదం తిరగబడుతుంది, అక్కడ చచ్చేది అవే. 2023లో 8,000కు పైగా ఉభయచర జాతుల్ని అంచనా వేస్తే 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నట్టు తేలింది. సరీసృపాల్లో ఇది 21 శాతం. కప్పల్ని చంపుతున్న కారణాల్లో ఒక బూజు ఉంది. వాషింగ్టన్ జూలో చనిపోయిన కప్పల చర్మం నుంచి దాన్ని వేరుచేసి 1999లో పేరు పెట్టారు. కప్ప చర్మం ద్వారా కూడా ఊపిరి, నీరు, లవణాలు తీసుకుంటుంది. ఆ బూజు చర్మాన్నే పాడుచేసి చివరికి గుండె ఆగేలా చేస్తుంది. దానివల్ల 501 జాతులు తగ్గిపోయాయనీ, వాటిలో 90 పూర్తిగా పోయినట్టేననీ 2019 నాటి లెక్క. మన దేశంలో కూడా ఆ బూజు ఉంది, 2011లో పశ్చిమ కనుమల కప్పల్లో నమోదైంది. దాన్ని మన కప్పల్లో సరిగ్గా పట్టుకునే కొత్త పరీక్షను హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచేశారు.

మన డెల్టాకు ఇంకో ఆందోళన ఉంది. వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి గుంటూరు వైపు బాగా పాతుకుపోయింది. అందులో కలుపుకు అట్రజిన్ కొడతారు. కాలిఫోర్నియాలో టైరోన్ హేస్ అనే శాస్త్రవేత్త ఆ మందు చాలా తక్కువ మోతాదులోనే మగ కప్పల పునరుత్పత్తి అవయవాలను దెబ్బతీస్తుందని 2002లో ప్రకటించాడు. దానిమీద తయారీదారులతో, ఇతర ప్రయోగశాలలతో ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. ఆయన వాడింది ఆఫ్రికా కప్ప. అదే మందు మన మినర్వార్యాను, మన బోదురు కప్పను ఏం చేస్తుందో చెప్పాలంటే మన బోదెల్లో, మన పంటకాలంలో ఆ పని చేసేవాళ్లు కావాలి. రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ మందు కొట్టే కూలీ పిల్లలే నా క్లాసులో ఉంటారు. కప్ప దోమనూ పురుగునూ తింటుంది, దాని లార్వా మనం తాగే నీళ్లలోనే పెరుగుతుంది. కప్పకు పట్టిన తెగులు గురించి తెలిస్తే మనకే మంచిది.

ఇంత చెప్పాక పిల్లలు అడిగేది మిగిలే ఉంటుంది. "దీని మీద బతకొచ్చా సార్?" నిజాయతీగా చెప్పాలంటే, బతకొచ్చు, కానీ దారి ఇరుకు. ఎమ్మెస్సీ జువాలజీ చేసి సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి, సీనియర్ ఫెలోషిప్‌లో 42,000. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ లాంటి చోట్ల వన్యప్రాణుల మీద ప్రత్యేకంగా ఎమ్మెస్సీ ఉంది. తర్వాత జువలాజికల్ సర్వే, యూనివర్సిటీలు, సీసీఎంబీ, స్వచ్ఛంద సంస్థలు. పోస్టులు తక్కువ, ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు గెంతే ఏళ్లు ఎక్కువ. మా రోజుల్లో ఈ చదువంటే కప్పను బల్ల మీద పరిచి కోయడం. 2014లో యూజీసీ ఆ కోతలు ఆపించింది, మంచి పని చేసింది. బతికున్న కప్పను చూడటం మాత్రం మన కాలేజీల్లో ఇంకా మొదలు కాలేదు.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. పాము పట్టి రీల్ పెట్టడం పరిశోధన కాదు. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చట్టాన్ని మీరితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. పరిశోధకుడైనా సరే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి చేతిలో ఉంటేనే ముట్టుకోవాలి. అనుమతి లేకుండా చేయగలిగిన పని కూడా చాలా ఉంది. దూరం నుంచి ఫొటో, అరుపు రికార్డింగు, తేదీ, ఊరు, ఏ పంట, నీళ్లు ఎంత లోతు. అడవికి పోనక్కర్లేదు. నల్లమల, శేషాచలం అందరూ వెళ్లే చోట్లు. తిరుమల కొండల బంగారు బల్లి గురించి రాసినంతగా మన వరిమళ్ల కప్పల గురించి ఎవరూ రాయలేదు. ఆ ఖాళీ నింపడానికి పొలం పక్కన పుట్టిన పిల్లల కంటే తగినవాళ్లు ఎవరుంటారు?

ఈ మధ్య నా పాత విద్యార్థిని ఒకమ్మాయి పీహెచ్‌డీకి వరిమళ్ల కప్పల్నే ఎంచుకుంటానంది. వాళ్లమ్మగారికి ఒకటే టెన్షన్, రాత్రిపూట పాములుండే గట్ల మీద ఆడపిల్ల ఎలా తిరుగుతుందని. "ఒక్కతే వెళ్లదమ్మా" అని చెప్పాను. ఎప్పుడూ ముగ్గురు వెళ్తారు, అందులో ఒకరు ఆ ఊరివాళ్లు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, చేతిలో ఒకటి, తలకు ఒకటి టార్చీలు, అడుగు వేసే ముందు గట్టును తట్టడానికి కర్ర. ఫీల్డ్ నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ మండలంలో విషవిరుగుడు మందు నిల్వ ఉన్న ఆస్పత్రి పేరు, అక్కడి డ్యూటీ డాక్టరు ఫోన్ నంబరు, గట్టు మీద నుంచి అక్కడికి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకుంటారు. బయలుదేరే ముందు సాయంత్రం ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కుంటారు. లేదంటే ఆ రాత్రి ఫీల్డుకు వెళ్లరు.